పేరు గీకేయని పెట్టె

కార్తహేనా, సెప్టెంబర్ 6, 1993

ప్రియమైన నికొలాసక్కకు,

బర్రాంకీయా బస్సు డ్రైవర్ హాసింతో చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆ రేడియోల రిపేరు కాసేపు పక్కన పెట్టి చదువు. యుద్ధం మొదలైంది!

ఉబల్దీనా అత్త కొబ్బరి మిఠాయి పళ్లెం నెత్తిన పెట్టుకుని పాడే పాట ఉంది కదా, దాన్ని దోన్ ఎపార్కియో రికార్డు చేసి, తన పికోలో, అదే వీధి సౌండ్ సెట్టులో, వేస్తాడట. ఆ రంగుల స్పీకర్ల గోడ ముందు పేట పేటంతా ఆడుతుంది, కాదనను. కానీ వాడి అలవాటు నీకు తెలుసు. పక్క పికోవాడికి ఆచూకీ దొరక్కూడదని ప్రతి రికార్డు మీదా లేబులు గీకేస్తాడు. పాడినవాళ్ల పేరు గాల్లో కలుస్తుంది. "పేరు నీకెందుకమ్మా, మిఠాయి మీద రాసుకుంటావా?" అన్నాడట అత్తతో!

ఒకడి పేరు దోచుకోవడం వాడి చెమట దోచుకోవడం కన్నా హీనమని కరపత్రంలో చదివాను. ఎపార్కియో మొహం మీదే చెప్పేశాను: నవంబర్ 11న ఊరి స్వాతంత్ర్య పండగకి మా ఇంటి స్టూడియో సామాను సందులోకి తెచ్చి ఆ పాట మేమే వాయిస్తాం, అత్త పేరు మైకులో చెప్తాం అని. "ఆ నాలుగు బొమ్మలతోనా, విల్‌ఫ్రీదో?" అని పళ్లికిలించాడు.

నిజంగా నాలుగే: కీబోర్డు, డ్రమ్ మెషిన్, శబ్దాలు దాచుకుని పలికే శాంప్లర్, బేసు పెట్టె. ఒకదాని వెనక ఒకటి మిడి తీగలతో కట్టాను. కీబోర్డు నొక్కితే చివరిది ఒక్కోసారి పలకదు, పలికితే ఆగదు. కేటలాగులో ఏ తీగ ఎటు పోవాలో మళ్లించే ఎనిమిది దారుల రూటింగ్ పెట్టె చూశాను. దానికి తెర కూడా ఉంది! నాకదే కావాలి.

విప్లవాభివందనాలతో,
నీ తమ్ముడు విల్‌ఫ్రీదో


బర్రాంకీయా, సెప్టెంబర్ 14

నా కోపిష్టి తమ్ముడికి,

నాలుగు పెట్టెలకి ఎనిమిది దారులెందుకురా? తెర చూసి మనసు పారేసుకున్నావు, అంతే.

మిడి తీగలో పారేది పాట కాదు, హుకుం. "ఈ మెట్టు నొక్కు, ఈ మెట్టు వదులు." అది మూడు గడపలు దాటేసరికి నలిగిపోతుంది. "వదులు" అన్న మాట దారిలో పడిపోతే శబ్దం ఆగనే ఆగదు. కీబోర్డు హుకుం ఒకచోట అందుకుని, ఒక్కో పెట్టెకీ సూటిగా వేరే తీగ ఇచ్చే స్ప్లిట్టర్ చాలు నీకు.

ఒక్కటి మాత్రం చూసుకుని రాయి. వాయించేది నువ్వొక్కడివేనా, ఇంకెవరైనా చెయ్యి వేస్తారా? పెట్టె ఎంపికంతా దాని మీదే ఉంది.

వేళకి తిను. కరపత్రాలతో కడుపు నిండదు.

నీ అక్క,
నికొలాసా


కార్తహేనా, అక్టోబర్ 20

అక్కా,

నీ ప్రశ్నకి జవాబు రాయలేదు. దానికి శిక్ష అనుభవించాను.

అత్త పళ్లెం మీద అరచేత్తో వేసే దరువు ఏ యంత్రానికీ రాదు. అందుకని చిన్న కీబోర్డొకటి తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఒక ఆంప్లిఫయరుకి రెండు స్పీకర్లు కట్టేటప్పుడు చేస్తాం చూడు, అలాగే రెండు కీబోర్డుల తీగలూ ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టాను. సందంతా గుమిగూడింది. సామాను ఒక్క కూత కూసింది. అంతే, మళ్లీ పలకలేదు.

ఎపార్కియో మనిషి ఈల వేశాడు. అత్త మాత్రం కోప్పడలేదు. "పోనీలే నాయనా, పాట ఆయనకే ఇచ్చేద్దాం" అంది. అక్కా, ఆ మాట నేను భరించలేను. ఇంకా ఇరవై రెండు రోజులే.

విల్‌ఫ్రీదో


బర్రాంకీయా, అక్టోబర్ 29

నా బంగారు గాడిదకి,

స్పీకర్లు వినేవిరా! ఎన్ని చెవులు కట్టినా నష్టం లేదు. కీబోర్డులు మాట్లాడేవి. రెండు నోళ్లు ఒకే చెవిలో ఒకేసారి అరిస్తే ఏం తెలుస్తుంది? ఇద్దరి మాటా విని, వరసలో పెట్టి, ఆ తర్వాత పంచాలి. స్ప్లిట్టర్ ఒక్కటే ఆ పని చెయ్యలేదు.

రెండు లోపలికి, నాలుగు బయటికి ఉన్న పెట్టె హాసింతోతో పంపిస్తున్నాను. ఎక్కడిదని అడక్కు. అత్తకి ముద్దులు.

నికొలాసా


కార్తహేనా, నవంబర్ 3

అక్కా!

పెట్టె అందింది. ముందు వైపు పేరు గీకేసి ఉంది! నువ్వు కూడానా? ఎవరి చెమట ఇది? చెప్పేదాకా దీని జోలికి పోను.

విల్‌ఫ్రీదో


కార్తహేనా, నవంబర్ 12

ఎవరికీ చెప్పకుండా మహత్కార్యాలు చేసే నా అక్కకు,

నువ్వు జవాబు రాయలేదు. లోపలైనా పేరుంటుంది, పాటతో పాటు అదీ మైకులో చెప్దామని స్క్రూలు విప్పాను. పేరు లేదు. అతుకులున్నాయి. ప్రతి సీసపు చుక్కకీ ఎడమవైపు వంగిన చిన్న తోక. ఎడంచేత్తో అలా అతికేది నాకు తెలిసి ఒక్కతే మనిషి. చిన్నప్పుడు నా బొమ్మ రైలు బాగుచేసిన చెయ్యి అది.

డబ్బా మాత్రం ఏదో పాత యంత్రానిది. అందుకే గీకావు. నీది కాని పేరు తీసేశావు సరే, నీ పేరెందుకు రాయలేదు? నువ్వు పనిచేసే రేడియో షాపులో చేసిందల్లా యజమాని పేరుతోనే బయటికి పోవాలన్న ఆ దిక్కుమాలిన నియమమేనా? పేర్ల గురించి పేటంతా ఉపన్యాసాలిచ్చాను గానీ, ఆ షాపులో ఆరేళ్లుగా నా అక్క పేరు ఎవరు గీకేస్తున్నారో ఒక్కసారీ అడగలేదు. సిగ్గుపడ్డాను.

ఇక నిన్నటి సంగతి విను. మిట్టమధ్యాహ్నం, సందు కిటకిట. అత్త పాడుతూ దరువు వేసింది, నేను బేసు నొక్కాను. రెండూ కలిశాయి, ఒక్క దెబ్బ తప్పలేదు! రెండో చరణానికల్లా ఎపార్కియో పికో ముందున్న జనం మా సందులోకి పారిపోయి వచ్చారు. చివరికి ఎపార్కియోనే వచ్చి, నా చెవిలో, "ఆ పెట్టె ఏ కంపెనీదిరా?" అన్నాడు. ఆచూకీలు దాచుకునే ఈ ఊరి పికోవాళ్లలో అలాంటి ప్రశ్నకి ఎవడూ జవాబు చెప్పడు. నేను మైకు తీసుకుని చెప్పాను:

"పాట ఉబల్దీనా సల్గాదోది! పెట్టె నికొలాసా కస్సియానీది!"

రెండు పేర్లూ సందంతా తిరిగి అరిచింది. అత్త ఏడుస్తూనే దరువు ఆపలేదు.

గీకిన చోట నీ పేరు మేకుతో చెక్కాను. వేలు పెడితే తగిలేంత లోతుగా. పక్క పేట కుర్రాళ్లు ఇలాంటివి మూడు కావాలంటున్నారు. నీ చేత్తో, నీ పేరుతో చేస్తే సరే, లేదంటే వద్దన్నాను.

నీ పేరు ఊరంతా వినేలా అరిచి గొంతు పోయిన,
తమ్ముడు విల్‌ఫ్రీదో