తడి గోనెపట్ట

కోడుమూరు,
జూన్, తొలివాన పడిన మరునాడు.

శ్రావణి వాళ్ల నాయనకు,

మీ ఇంటిది శివలీల దండం పెట్టి రాసేదేమంటే, ఇక్కడ అత్తమ్మ, శ్రావణి, నేను, రెండు ఎనుములు అందరమూ సుఖంగా ఉన్నాం. ఆ మంచుకొండల్లో మీరూ చల్లగా, కాదు కాదు, వెచ్చగా ఉండాలని రోజూ దేవునికి చెప్పుకుంటున్నాను. ఫోన్లో మాట్లాడదామంటే మీకు సిగ్నల్ దొరకదు. దొరికినా "తిన్నావా, బాగుండావా" అనేలోపు తెగిపోతుంది. అందుకే నేనూ మీలాగే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

మీరడిగినవన్నీ వరుసగా చెప్తాను. అత్తమ్మ మోకాలు కాస్త నయం. డాక్టరు రాసిచ్చిన మందు పక్కన పెట్టి ఆముదం మర్దన చేయించుకుంటోంది, నా మాట వింటుందా ఏమన్నా! శ్రావణికి లెక్కలంటే ఇంకా భయమే, కానీ ట్యూషన్‌కు మానకుండా పోతోంది. నిన్న పదును వాన పడింది కాబట్టి ఈ వారంలో శనక్కాయ విత్తిస్తాను. ఇంక మీ ఉత్తరంలో పెళ్లాం ఎట్లా ఉందని ఒక్కసారి, చెట్టు ఎట్లా ఉందని మూడుసార్లు అడిగారు. చూసి నవ్వుకున్నాను. నిజానికి నవ్వుకోలేదు. ఆ చెట్టు సంగతే చెప్పడానికి ఇంతసేపూ మోకాళ్లూ లెక్కలూ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఎండాకాలం సెలవులో వచ్చి మీరు చేన్లో ముళ్లకంప కొడుతూ నడిమధ్యాహ్నం పడిపోయారు. పక్క చేను పుల్లన్న బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. తేరుకున్నాక మీరు నా మొహం చూడకుండా అన్న మాట నేను మరిచిపోలేదు. "నా ఒంటికి ఈ ఎండ ఇంక సరిపోదు లీలా. చలికి అలవాటు పడిపోయినా." ఆ తరువాతి చలికాలం సెలవుకు ఆ కొండల్లో పెరిగే పోప్లార్ మొక్కను పరుపుచుట్టలో పెట్టుకుని వచ్చారు. దొడ్లో నాటి, "ఇదీ నా మాదిరి చలిలో పెరిగిందే. ఇది ఈడ బతికితే నేనూ బతుకుతా. అప్పుడు మిలిటరీలో ఎక్స్‌టెన్షన్ అడగను, వచ్చేస్తా" అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ అది నవ్వులాట కాదని ఇద్దరికీ తెలుసు.

అందుకే దాన్ని బిడ్డలా సాకాను. మొదటి ఎండాకాలం మొదలుకు సున్నం పూశాను, పడమటి దిక్కున జొన్నచొప్పతో తడిక కట్టాను. పొద్దునా సాయంత్రం నీళ్లు. పక్కింటి సోమక్క గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏం శివలీలా, మిలిటరీ మానుకు నీళ్లు పోసుకునేది అయిందా? సాంబ్రాణి కూడా వెయ్యి, జలుబు చేస్తాది" అని ఎగతాళి చేసేది. చేసుకోనీలే అనుకున్నాను. ఆ ఏడు గట్టెక్కింది.

చలికాలం రాగానే ఆకులన్నీ రాల్చేసింది. చలికి చచ్చిపోతోందనుకుని అత్తమ్మ కంబళి తెచ్చి చుట్టాను. "నాకు కప్పేది పోయి మానుకు కప్పినావేమే?" అని ఆమె ఒకటే సాధింపు. ఆ తరువాత తాపీగా మీ ఉత్తరం వచ్చింది, "చలికి ఆకు రాలుస్తుంది, భయపడొద్దు, దానికి చలి కావాలి" అని. ఈ ముక్క నాటిన రోజే చెప్పి ఉంటే ముసలామెతో ఆ మాటలు పడేదాన్నా? మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో! కంబళి విప్పాను, ఎండాకాలం ముందు మళ్లీ చిగురేసింది.

ఈ ఏడు రోహిణి కార్తె మీకు తెలియదు. వాకిట్లో కాలు పెట్టలేకపోయాం. నీళ్లకుండకు తడి గోనెపట్ట చుడతాం కదా, చల్లగా ఉంటుందని. చెట్టుకూ అట్లాగే చుట్టాను, మొదలు నుంచి నా భుజం ఎత్తు దాకా. ఎండిపోకుండా తడుపుతూనే ఉన్నాను. ఆకు పసుపుబారింది. తడి ఎక్కువైందేమో అనుకుంటారా ఎవరైనా? తడి చాలలేదేమో అని ఇంకో పట్ట చుట్టాను. ఒక పొద్దున గాలికి చెట్టు పక్కకు ఒరిగింది. పట్టలు విప్పితే లోపలంతా మట్టి. చెద. నేను చల్లదనానికి కట్టిన తడిలోనే చెద ఇల్లు కట్టుకుని బెరడంతా తినేసింది. చెయ్యి పెడితే పొట్టు పొట్టుగా ఊడి వచ్చింది. ఎండ చంపలేదండీ దాన్ని, నేను కట్టిన గోనెపట్ట చంపింది.

అక్కడే కూలబడి ఏడ్చాను. సోమక్క గోడ దిగి వచ్చింది, ఈసారి ఎగతాళి లేదు. "ఏడ్వద్దులే. నర్సరీలో గంగరావి మొక్కలుండాయి. ఆకు కొంచెం అట్లే ఉంటాది. తెచ్చి నాటు, ఆయప్పకు యాడ తెలుస్తాది?" అంది. తెచ్చాను కూడా. గుంతలో పెట్టి మట్టి కప్పబోయి ఆగిపోయాను. మీరు అబద్ధాన్ని నమ్మి వచ్చేస్తే నేను బతికినన్నాళ్లూ ఆ అబద్ధానికి నీళ్లు పోయాలి. మొక్కను బడిలో నాటమని శ్రావణి చేత పంపించేశాను. గుంత అట్లాగే ఉంది.

ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుని దొడ్డి వైపు చూస్తూ ఉన్నాను. ఎనుములు గోడ నీడకు జరిగాయి. కోళ్లు బండి కిందికి దూరాయి. అత్తమ్మ చాప లోపలికి లాక్కుంది. ఇక్కడ ఎండను ఓర్చుకునేది ఎవరండీ? తెల్లవారుజామునే పని ముగించుకుని అందరం తప్పించుకుంటాం. పాపం, చెట్టుకు జరగడానికి కాళ్లు లేవు. మీరు ఆ రోజు ఏ వేళప్పుడు కంప కొట్టారు? ఆ వేళకు ఊళ్లో ఎద్దును కూడా కట్టరు. మిలిటరీలో మెత్తబడినాడు అంటారని పంతానికి పోయి పడ్డారు. ఊరు మీకు సరిపోక కాదు, ఊరి పద్ధతి మరిచిపోయారు, అంతే.

ఇంకొక మాట ఉంది. రాయకుండా ముగిద్దామని రెండుసార్లు అనుకున్నాను. చెట్టు పోయిందని ఏడ్చాను అన్నాను కదా, ఏడుపు ఆగాక ఒక్క గడియ నాకు హాయిగా అనిపించింది. ఇంక ఆయన రాడులే, ఇల్లు ఎట్లా నడుస్తోందో అట్లాగే నడుస్తుందిలే అనిపించింది. మీరు సెలవుకు వస్తే నాకు ఎంత సంతోషమో, మీరు పోయినాక చేటలు, చెంబులు మళ్లీ నా చోట నేను పెట్టుకుంటుంటే అంత నెమ్మది. ఇన్నేళ్లూ ఒంటిగా సంసారం ఈది అట్లా అయిపోయాను. ఆ హాయి నాకే భయం పుట్టించింది. మీ భయం కూడా ఎండ గురించేనా? లేక ఈ ఇంట్లో మీకు చోటు లేకపోతుందేమో అనా? నిజం చెప్పండి. నేను నాది చెప్పేశాను.

వచ్చే నెలలో ఎక్స్‌టెన్షన్ సంగతి తేల్చి చెప్పాలన్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ రమ్మని అడగలేదు, ఉద్యోగం కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. చెట్టు చచ్చిపోయింది, దాని మాట వదిలేయండి. నా మాట మీద రండి. వచ్చిన కొత్తలో ఇద్దరికీ పొసగదు, చెంబు ఇక్కడెందుకు పెట్టావని నేను, అక్కడెందుకు పెట్టకూడదని మీరు. కొట్లాడుకుందాం. వచ్చేయండి.

ఇట్లు,
మీ ఇంటిది,
శివలీల