ఈస్టరు గ్లాసు

పామర్రు,
విభూది బుధవారం వెళ్ళిన మూడో రోజు.

తమ్ముడు ఫిలిప్‌కి,

ప్రభువు పేరున అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మన అలవాటు. జైల్లో ఉన్నవాడికి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఒంట్లో బాగుందని మాత్రం అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. మంగళవారం వాయిదా అయ్యాక రాద్దామని ఆగాను. మన ఉత్తరాలు అక్కడివాళ్ళు విప్పి చదివే ఇస్తారు, చూసి రాయక్కా అన్నావు. చదవనీ. చూసి రాయవలసింది ఇక ఏమీ లేదు.

అడిగినవాటికి జవాబులు. నీ మోకాలి నొప్పికి తైలం, రెండు లుంగీలు పార్సిలు చేశాను. మినుము పీకుళ్ళు మొదలయ్యాయి. ఈ ఏడు పల్లాకు తెగులు తగిలింది, పెద్దగా రాదు. గుణదల తిరునాళ్ళకి వెళ్ళాను, కొండ ఎక్కగలిగాను. నీ పేరున ఒక కొవ్వొత్తి వెలిగించాను. ఆమోసు పేరున ఒకటి. కారు ఇంకా స్టేషను ఆవరణలోనే ఉంది. టైర్లలో గాలి పోయి కూలబడింది. పగిలిన ముందు అద్దం అలాగే ఉంది.

బ్లెస్సీ నిన్ను చూడ్డానికి ఎందుకు రావడం లేదని మూడు ఉత్తరాల్లో అడిగావు. ఇంతవరకూ ఏవో సాకులు రాశాను. ఆమె రానంది. "వదినా, ఆ రోజు ఆయన ఇంటికొచ్చి ఇంకో ముక్క వెయ్యమని అడిగి మరీ తిన్నారు. నేనే వడ్డించాను. అక్కడ కాలవలో ఆ మనిషి అలా పడుంటే" అంది. నేను బలవంతపెట్టలేదు.

కేసు ఎందాకా వచ్చిందో లాయరుగారు సరిగ్గా చెప్పడం లేదన్నావు. నాకు చెప్పింది చెప్తాను. గవర్నరుపేటలో ఆయన ఆఫీసుకి మొదటిసారి వెళ్ళినప్పుడు గోపాలకృష్ణగారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, పిల్లలకి పాఠం చెప్పినట్టే చెప్పారు. ఉత్తినే తాగి నడుపుతూ దొరికితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళ దాకా. ప్రాణం పోతే లెక్క వేరు. నిర్లక్ష్యంగా నడిపాడంటే అయిదేళ్ళ వరకూ. తాగి ఉన్నాడు, ఈ స్థితిలో నడిపితే ఎవరి ప్రాణమైనా పోతుందని తెలిసీ నడిపాడు అని రుజువైతే పదేళ్ళ వరకూ.

"మనవాడి మీద పెట్టింది ఆ పదేళ్ళదేనమ్మా. కానీ మందు సంగతి తీసేస్తే కేసు సగం కూలినట్టే" అన్నారు.

"రక్తపరీక్షలో ఉంది కదండీ" అన్నాను.

"ఉంటుంది. ముప్ఫై దాటకూడదు, నూట నలభై ఎనిమిది ఉంది. కానీ రక్తం తీసింది ఎప్పుడు? సాయంత్రం ఆరింటికి. ప్రమాదం జరిగింది మధ్యాహ్నం రెండింటికి. ఈ నాలుగ్గంటల్లో మీ తమ్ముడు ఇంటికొచ్చి, చేసిన పనికి భయపడి, అప్పుడు తాగాడు. నడిపేటప్పుడు చుక్క ముట్టలేదు. ఏమంటారు?"

ఆయన నన్ను ఏం జరిగింది అని ఏ రోజూ అడగలేదు, ఫిలిప్. ఏమంటారు అనే అడిగారు.

గుడిలో ఒట్టుల పుస్తకం సంగతి ఆయనకి నువ్వే చెప్పావట. ఎంత సంబరపడ్డారో. తపస్సుకాలం నలభై రోజులూ తాగనని ఏటా విభూది బుధవారం నాడు సంతకం చేసే మనిషి, అదీ పదిహేడేళ్ళుగా. "ఇలాంటి సాక్ష్యం నా సర్వీసులో దొరకలేదు. ఒట్టు పెట్టించుకున్న అక్క పేరు కూడా పక్కనే ఉంది. మీరు బోనెక్కి ఆ పుస్తకం మాదే అంటే చాలు" అన్నారు. ఆయనకి పుస్తకం తెలుసు. గ్లాసు తెలియదు. వాళ్ళ ఇళ్ళలో ఇలాంటిది ఉండదు కదా.

నీ ఉత్తరంలో నువ్వూ అదే రాశావు. "అక్కా, ఒక్క మాట చెప్పు చాలు. పండగనాడు ఇంట్లో తాగలేదని చెప్పు. చిన్నప్పటి నుంచీ నువ్వే కదా. అక్కా, విడిపించు." ఈ ఆఖరి మాట నవ్వుతూ రాశావో ఏడుస్తూ రాశావో నాకు తెలియలేదు.

ఆమోసు భార్య సంపూర్ణమ్మ సాక్ష్యం రోజు సంగతి చెప్తాను. జనవరిలో. నువ్వు జైలు నుంచి వీడియో తెర మీద కనిపించావు, నేను వెనక బెంచీ మీద ఉన్నాను. గోపాలకృష్ణగారు లేచి అడిగారు.

"పండగ కదమ్మా, మీ ఆయన కాస్త పుచ్చుకుని ఉంటాడు?"

"ఆయన తాగరండి."

"పుట్టిన దగ్గర్నుంచీ?"

"పెళ్ళికి ముందు తాగేవోడంటండి. బాప్తీస్మం తీసుకున్నాక ముట్టలా."

"అంటే తాగే అలవాటున్న మనిషే. సరే. సైకిలుకి బెల్లు ఉందా?"

"లేదండి. మా మనవరాలు పీకి ఆడుకుంటంది."

కోర్టులో నవ్వారు. గుమాస్తా నవ్వాడు, లాయర్లు నవ్వారు. సంపూర్ణమ్మ కూడా, తను తప్పు చెప్పిందేమో అన్నట్టు, నవ్వబోయి ఆగింది. తెర మీద నువ్వూ నవ్వావు, ఫిలిప్. నేను చూశాను.

మధ్యాహ్నం భోజనాల వేళ మెట్ల మీద కూర్చున్నాను. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. కొంగులోంచి నాలుగు మడతల కాగితాలు తీసింది.

"మీరు ఆళ్ళ అక్కగారని తెలుసండి. ఇక్కడ చదువుకున్నోళ్ళని ఇంకెవుర్ని అడగాలో తెలవలా. పోలీసోళ్ళు ఇచ్చారు, అంతా ఇంగ్లీషు. టీచరమ్మగారు, పెద్ద ప్రార్థనాపరురాలని మావోళ్ళంటారు. మీరైతే మార్చి చదవరు" అంది.

పోస్టుమార్టం రిపోర్టు. చదివాను. కుడికాలు విరిగింది. తలకి దెబ్బ, స్పృహ పోయే దెబ్బ. అవి ప్రాణం తీసేవి కావు. ఊపిరితిత్తుల నిండా నీళ్ళు, ఒండ్రు. ఆ రోజుల్లో కాలవ కట్టేసి ఉంది, ఉన్నది మోకాటి లోతు. బోర్లా పడ్డాడు, అంతే.

"అంటే ఎవురన్నా దిగి, లేపి కూచోబెట్టుంటే?" అంది.

"బతికేవాడమ్మా" అన్నాను.

తల ఊపింది. కాగితాలు మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుంది. పక్కనే కూర్చుని పెరుగన్నం గిన్నె విప్పింది. "మీరూ పొద్దుటి నుంచీ ఏం తినలా" అని మూతలో కాస్త పెట్టింది. తిన్నాను. ఎంగిలిచెయ్యి కడుక్కుంటుంటే నీళ్ళు తనే పోసింది.

ఇక మంగళవారం సంగతి. నీకు ఎస్కార్టు దొరకలేదు, తెర పనిచెయ్యలేదు. అతను లేకపోయినా ఫర్వాలేదు, మా సాక్షిని కానిచ్చేద్దామని మన లాయరుగారే జడ్జిగారితో అన్నారు. అందుకే నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనే చెప్పాలి.

దైవసాక్షిగా నిజం చెప్తానని చెప్పించారు. గోపాలకృష్ణగారు పుస్తకం చూపించి, ఇది మీ గుడిదేనా అన్నారు. ఔనండి అన్నాను. ఈ సంతకం మీ తమ్ముడిదేనా అన్నారు. ఔనన్నాను.

"ఈ ఒట్టు ఎవరికి చేశాడు?"

"నాకండి."

"మరి ఈస్టరు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆ ఒట్టు మీద ఉన్న మనిషి..."

"లేదండి. అప్పటికి విడిపించేశాను."

ఆయనకి అర్థం కాలేదు. ఇంకో ప్రశ్నకి వెళ్ళబోయారు. జడ్జిగారు ఆపి, విడిపించడమంటే ఏమిటమ్మా అన్నారు.

చెప్పాను. మా ఇంట్లో ఒట్టు ఎవరు పెట్టించుకుంటే వాళ్ళే తియ్యాలండి, లేకపోతే ఇంటికి కీడు. మా నాన్నకి మా అమ్మ తీసేది. అమ్మ పోయాక తమ్ముడికి నేను. ఈస్టరు పూజ అయ్యి ఇంటికి రాగానే స్టీలు గ్లాసు పట్టుకుని 'అక్కా, విడిపించు' అంటాడు. నేను నా చేత్తో మందు పోస్తాను. ఆ రోజు పదకొండింటికి పోశాను. నలభై రోజులు ఆగాడు కదా పాపం అని, మూడు పోశాను. తర్వాత వాడే పోసుకున్నాడు.

గోపాలకృష్ణగారు కూర్చున్నారు. సర్కారు వకీలు లేచారు. కారు తాళం ఎవరిచ్చారమ్మా అని అడిగారు.

ఇది నీకూ గుర్తుండదు. తాగి ఉన్నావు. కంకిపాడు అనాథ పిల్లలకి ఏటా మన ఇంటి బిరియానీ వెళ్తుంది. రెండింటికల్లా పంపుతానని సిస్టర్లకి మాట ఇచ్చాను. పిల్లలు కంచాలు కడుక్కుని కూర్చుంటారు. తాళం నీ చేతిలో పెట్టాను. కింద పడింది. నడపగలవా అన్నాను. కళ్ళు మూసుకుని నడుపుతానన్నావు. వంగి తీసి, మళ్ళీ నీ చేతిలో నేనే పెట్టి, నీ వేళ్ళు మూశాను. నా మాట పోతుందని. గిన్నె చల్లారిపోతుందని.

ఇదంతా అలాగే చెప్పాను. బిరియానీ వేడిగానే అందింది. దాన్ని దింపేటప్పటికి ఆమోసు కాలవలో ఉన్నాడు. అతను కూడా వాళ్ళ చర్చిలో ఈస్టరు ఆరాధన చూసుకుని, తెల్లచొక్కాలోనే సైకిలు మీద వస్తున్నాడు.

బయటికొచ్చాక గోపాలకృష్ణగారు చేతులు జోడించారు. "మీ తమ్ముణ్ణి మీరే పూడ్చిపెట్టారు కదమ్మా. ఈ గ్లాసు సంగతి ముందే చెప్పుంటే మిమ్మల్ని బోనెక్కించేవాణ్ణే కాదు."

"మీరు అడగలేదండి" అన్నాను.

"మీ మీదా కేసు పెట్టొచ్చు, తెలుసా?"

"పెట్టనివ్వండి."

ఆయన కేసు వదిలేస్తున్నారు. నేను ఇంకొకరిని పెట్టను. నువ్వు కోరితే కోర్టే ఉచితంగా లాయరుని ఇస్తుందట, జైలరుగారికి అర్జీ రాసివ్వు. సర్కారు వకీలు పదేళ్ళే అడుగుతారట. జడ్జిగారు ఏం వేస్తారో తెలియదు.

నువ్వు ఈపాటికి కాగితం నలిపి ఉంటావు. సాపు చేసుకుని మిగతాది చదువు.

అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్ళు. అప్పటి నుంచీ నువ్వు పగలగొట్టినవన్నీ నేనే ఏరాను. నీ మీద జాలి లేక కాదు. ఆ గ్లాసు పోసింది జాలితోనే. నువ్వు తాగినందుకు క్షమించగలను, అందులో నాకు భాగం ఉంది. గుద్దినందుకూ క్షమించగలను. ఆగి ఒక్కసారి కాలవలోకి దిగనందుకు నిన్ను క్షమించే మనసివ్వమని రోజూ మోకరిల్లి అడుగుతున్నాను, ఇంకా దొరకలేదు. ఆ బెల్లు దగ్గర నువ్వు నవ్వకుండా ఉండి ఉంటే మంగళవారం ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. అది కూడా నిజమే, దాచను.

ఈసారి జైల్లో ఎవరి చేతిలో ఒట్టు వెయ్యాలక్కా అని అడిగావు. మొన్న బుధవారం ఫాదర్ అంతోనిగారు కొత్త పుస్తకం తెచ్చారు, పాతది కోర్టులో ఉంది కదా. నీ పేరు ఎదుట ఖాళీ వదలాలా అన్నారు. వద్దన్నాను. వాడి తరఫున నేను పెట్టించుకుంటున్నానని రాసి సంతకం చేశాను. ఎప్పటివరకూ అన్న గడిలో ఏటా ఈస్టరు అని రాస్తాం. ఈసారి ఏమీ రాయలేదు.

తీర్పు ఈస్టరు వెళ్ళాక వస్తుందంటున్నారు. పండగనాడు సంపూర్ణమ్మ ఇంటికి వెళ్తాను, రానిస్తే. బిరియానీ పంపడం లేదని సిస్టర్లకి చెప్పేశాను. నీ గ్లాసు కడిగి, తుడిచి, అటక మీద బోర్లించాను.

అక్కా విడిపించు అని ఇక రాయకు. మిగతావి ఏవైనా రాయి, జవాబిస్తాను. తైలం రాత్రి పడుకోబోయే ముందు రాసుకో.

ఇట్లు,
ఈసారి విడిపించని
నీ అక్క,
శౌరమ్మ.