జరానికి పేరు దొరికినంక

చిట్యాల

ప్రియమైన ఉమేరా బేటీకి,
ఫోన్ల నీ మాట నాకు సగమే వినవడ్తాంది, గందుకే రాస్తున్న. ఎండలకు మన కుల్ఫీ బండి మంచిగ నడుస్తాంది. గల్లీలనే జరాలు ఎక్కువైనయి. పక్కింటి బిక్షమ్మ బిడ్డ రూప మంచం దిగుతలేదు. ఆర్‌ఎంపీ సూది ఏస్తే తగ్గుతది, మళ్ల మొదలైతది. నర్సు చదువుతున్నవు గద, నిన్ను అడగమన్నది.
దువాలతో,
అబ్బా

మహబూబ్‌నగర్

ప్రియమైన అబ్బాకు సలాం,
టైఫాయిడ్ కావచ్చు, కాకపోవచ్చు. జరాలన్నీ పైకి ఒక్కతీరుగనే ఉంటయి. రూపను నల్లగొండ పెద్ద దవాఖానకు తీస్కపోయి బ్లడ్ కల్చర్, అంటే నెత్తుర్ల ఏ క్రిమి ఉన్నదో చూసే పరీక్ష, చేపించుమనుండ్రి. అసలైతే మందులకు ముందే నెత్తురియ్యాలె. సూదులు వడ్డయి కాబట్టి క్రిమి దొరకకపోవచ్చు, అయినా ఇయ్యుమనుండ్రి. రోగం పేరు తెలిస్తేనే అది యాడికెల్లి వస్తాందో వెతుకుతరు. లేకుంటే ఒకరెనుక ఒకరు పడుతనే ఉంటరు.
మీ ఆరోగ్యం జర చూస్కోండ్రి.
మీ ఉమేరా

చిట్యాల

ఉమేరా బేటీకి,
రూపకు టైఫాయిడే. సరైన మందు వడ్డది, అన్నం తింటాంది.
దవాఖానోళ్లు ఇల్లిల్లు తిరిగి ఏం తాగినరు, ఏం తిన్నరని అడిగినరు. నీళ్లు పరీక్ష చేసినరు, మంచిగనే ఉన్నయి. జరమొచ్చిన పిల్లలందరూ నా కుల్ఫీ తిన్నోళ్లే. నీకెప్పుడన్న టైఫాయిడ్ అయిందా అని నన్ను అడిగినరు. నువ్వు పుట్టకముందు పెద్ద జరం వట్టింది, అదే చెప్పిన. పరీక్షకు దొడ్డికి పోయింది ఇయ్యుమన్నరు. నాకు ఏ బాధ లేదు బేటా, అయినా క్రిమి నా కడుపులనే ఉన్నదట. పాలు మరగవెడ్త, కానీ అచ్చులల్ల పోసేది ఈ చేతులే గద.
బండి ఆపిన. బిక్షమ్మకు ఎదురువడలేకపోతున్న.
అబ్బా

మహబూబ్‌నగర్

ప్రియమైన అబ్బాకు,
మీ ఉత్తరం చదివి క్లాసుకు పోలే. ఆ నెత్తురు పరీక్ష సంగతి నేను చెప్పకపోతే బాగుండునని ఒక్క గడియ అనిపించింది, దాస్తలేను. తర్వాత రూప మతికొచ్చింది.
ఇది మీ తప్పు కాదు. పిత్తసంచిల ఆ క్రిమి ఏండ్లకేండ్లు ఉంటది, మనిషికి తెల్వదు. దవాఖానోళ్లు ఇచ్చే గోలీలు ఒక్క పూట గూడ ఇడువకుండ్రి.
మీ బేటీ

చిట్యాల

ప్రియమైన ఉమేరాకు,
గోలీలు అయిపోయినయి. మళ్ల మళ్ల పరీక్ష చేసినరు, ఏం లేదు. బండి నడుపుకొమ్మన్నడు డాక్టరు.
బిక్షమ్మ ఇంటికి నేనే పోయిన. నన్ను చూసినా గిన్నెలు తోముతనే ఉన్నది. ఆఖరుకు, "రోగం మీ ఇంటికెల్లే వచ్చింది షరీఫన్నా. దాని పేరు దొరకవట్టింది గూడ మీ ఇల్లే. కూసో, చాయ్ తాగు" అన్నది.
ఇప్పుడు ఆశా వర్కర్ గోపమ్మెంబడి జరమున్నోళ్లను వెతుక్కుంట నేను గూడ తిరుగుతున్న. మన గల్లీల కొత్త జరాలు లెవ్వు. అవుతలి గల్లీల సత్తమ్మవ్వకు వారం సంది జరం. దవాఖానకు పోయి పరీక్ష చేపించుకొమ్మంటే తలుపేసుకుంటదట. నేను పోయి గడప మీద కూసున్న. నా సంగతంతా చెప్పిన. తలుపు సందులకెల్లి ఇన్నది.
"ఏ నొప్పి లేకున్నా పరీక్షకు ఇచ్చినవా?" అని అడిగింది.
"ఇచ్చిన అవ్వా" అన్న.
లోపట్కి పోయి, చెప్పులేసుకొని బయటికొచ్చింది.
నీ దువాలు కోరుకుంట,
అబ్బా