గురువు ఎవరని అడిగినప్పుడు

ఖాజా కాకా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాలులో నీ శిష్యులందరం కలిసి జాజ్ వాయించాం. పెళ్ళి బ్యాండు తప్ప ఎరగని మనవాళ్ళు చివరిదాకా కదలకుండా కూర్చున్నారు.

గనిలో డ్యూటీ దిగి వచ్చి, క్వార్టర్ వెనకాల మాకు సాక్సాఫోన్ నేర్పేవాడివి. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, ఊదడం నీ వల్ల కాని రోజుల్లో కూడా మానలేదు. నోటితో పాడి వినిపించేవాడివి. "నేను పాడినట్టే ఊదకు బిడ్డా, నీది నువ్వు చెప్పాలె" అనేవాడివి.

హైదరాబాద్‌లో టీవీ కార్యక్రమంలో నేను వాయించడం అయ్యాక, నా గురువు ఎవరని వాళ్ళు అడిగితే, ఎవరూ లేరు, వీడియోలు చూసి నేర్చుకున్నానని చెప్పాను. గని కార్మికుడి పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను. నువ్వది చూసి ఉండవనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇవాళ వేదిక మీద నీ పేరు చెప్పి, ఆనాడు అబద్ధమాడానని ఒప్పుకున్నాను. కిందికి దిగాక ఫాతిమా చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ కాక దవాఖానల ఉన్నప్పుడు రోజూ ఫోన్‌ల నీ టీవీ ప్రోగ్రామే చూసేటోడు. పక్క మంచమాయనకు గూడ చూపిచ్చిండు. గీ పిల్ల మా కాలనీదే, ఎట్ల ఊదుతుందో ఇను అన్నడు."

"మరి నేనన్న మాటో, చిన్నమ్మా?"

"నువ్వు ఊదుడు అయిపోంగనే జల్ది బంద్ చేసేటోడు బిడ్డా. ఆ మాట ఎవ్వరినీ ఇననియ్యలే."

నీ,
సుజాత