పదమూడు మచ్చలు

టోపీల మేస్త్రిగారికి నమస్కారాలు.

కుందేళ్ల జ్వరం తగ్గి మీరు లేచి తిరుగుతున్నందుకు సంతోషం. ఆ రోగం తెచ్చే తులరీమియా క్రిమిలోని ప్రోటీన్లను విడదీసి, ఒక పొర మీద పరిచి, మీ రక్తంతో పరీక్షించాం. మీ యాంటీబాడీలు గుర్తుపట్టిన చోటల్లా మచ్చ పడింది. మొత్తం పదకొండు. రోగాన్ని త్వరగా పట్టే పరీక్షకి ఇవే ఆధారం. మీ మేలు మరవను.

ఇంకో సాయం. పోల్చి చూడడానికి ఈ జ్వరం రాని మనిషి రక్తం కావాలి. అందులో మచ్చలు పడకూడదు. మీ ఇంట్లో ఎవరైనా ఇస్తారా?

మీ క్షేమం కోరే,
ల్యాబ్ డాక్టరమ్మ

తా.క. మీరు పంపిన కుందేలు తోలు టోపీ బాగుంది. క్రిములుంటాయేమోనని సీసాలో పెట్టి మూత బిగించాం, ఏమీ అనుకోకండి.

డాక్టరమ్మగారికి దండాలు.

మీరు మందు చెప్పకపోతే నేనీపాటికి గోడ మీద ఫొటోలో ఉండేవాణ్ణి. మా ఆవిడ రక్తం నర్సుచేత తీయించి పంపుతున్నాను. గట్టి మనిషి. పాతికేళ్లలో ఒక్కరోజు కూడా పడుకోగా చూడలేదు. నేను మూడు వారాలు మూలుగుతుంటే తోళ్లు గీరడం, నాకు సేవ చేయడం అన్నీ తనే.

మీ దయతో బతికున్న,
మేస్త్రి

తా.క. సూది గుచ్చితే ఆవిడ అబ్బా అనలేదు. పక్కన నిలబడ్డ నేను కళ్లు తిరిగి పడ్డాను.

మేస్త్రిగారికి,

ఆ రక్తంలో పదమూడు మచ్చలు పడ్డాయి. రోజులు గడిస్తే మచ్చలు పెరగొచ్చు; కళ్లు తిరిగింది మీకే కాబట్టి, రక్తమూ మీదేనేమోనని అనుమానం. నిజంగా ఆవిడదే అయితే, జ్వరం రానివాళ్లకీ వచ్చిందనే పరీక్ష నాది. మూడేళ్ల పని చెత్తబుట్టలోకి పోతుంది. ఈ పని ఉంచాలో ఆపాలో సోమవారం మా ల్యాబ్ పెద్దాయన తేల్చేస్తారు. నిజం చెప్పండి.

గాభరాలో ఉన్న,
డాక్టరమ్మ

తా.క. కోపం తెచ్చుకోకండి.

డాక్టరమ్మగారికి,

తెచ్చుకున్నాను. ప్రాణం నిలబెట్టారని తగ్గించుకున్నాను. తోళ్లలో కల్తీ చేయనివాణ్ణి రక్తంలో చేస్తానా? అది మా ఆవిడదే. మీ పరీక్షకే తిక్క పుట్టింది.

అయినా మీ మనిషినే,
మేస్త్రి

తా.క. నాకంటే రెండు ఎక్కువ వచ్చాయని ఆవిడకి చెప్పలేదు. ఇంట్లో ఇప్పటికే ఆవిడ మాటే చెల్లుతోంది. ఈ ఉత్తరం పోస్టులో వేయమని ఆవిడకే ఇస్తున్నాను.

డాక్టరమ్మా,

నేను మేస్త్రి భార్యని. ఆయన ఉత్తరాలు చదివాకే అంటిస్తాను. దీంతోపాటు ఇదీ పెడుతున్నాను.

మీ పరీక్షకి ఏ తిక్కా లేదు. మొదట్నుంచీ ఆయనతోపాటు తోళ్లు గీరేదాన్నే కదా, ఆయన పడుకున్న మర్నాడే నాకూ జ్వరం వచ్చింది. చంకలో నిమ్మకాయంత గడ్డ. పక్షం రోజులకి దానంతటదే తగ్గింది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క మంచం, అందులో ఆయనున్నారు. రక్తం అడిగినప్పుడూ, నీకు జ్వరం వచ్చిందా అని నన్నెవరూ అడగలేదు.

ఈ ఉత్తరం మీ పెద్దాయనకి చూపించండి. జ్వరం రాని రక్తం పక్కింటి టీచరమ్మ ఇస్తానంది.

నాకు ఒంట్లో బాగాలేదని కనిపెట్టింది ఇన్నేళ్లలో మీరొక్కరే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మీ అక్కలాంటిదాన్ని

తా.క. ఇది ఆయనకి చదివి వినిపించాను. ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లారు. అగ్గిపెట్టె ఎక్కడుందని మూడుసార్లు అడిగారు. నేను లేవట్లేదు.