జీపు ఎత్తు పెంచాను, అన్నయ్యా

అన్నయ్యా, నువ్వు పోయి నేటికి ఏడాది. మిలిటరీ వేలంలో నువ్వు కొన్న జీపుకి తోటదారి రాళ్లు అడుగున తగులుతున్నాయని, చక్రాల దగ్గర బరువు మోసే కమానుల్లో ఇనప పట్టీలు పెంచి ఎత్తు చేయాలనేవాడివి. కమ్మరిని పిలిచి ఆ పని నేను చేయించాను. రాళ్లు తగలడం మానాయి గానీ బండి బిర్రబిగిసిపోయింది. గతుకుల్లో ఎగిరెగిరి పడి, నూజివీడు చేరేసరికి బుట్టల్లోని మామిడి రసాలన్నీ కందిపోయాయి.

"ఏంటండీ ఈ కాయలు? వెనక్కి తీసుకుపొండి" అన్నాడు షావుకారు.

పట్టీలు తీస్తే రాళ్లు, ఉంచితే దెబ్బలు. విసుగొచ్చి సుత్తి విసిరికొట్టాను. ఏం చేయాలో అడుగుదామంటే నువ్వు లేవు.

వదిన లోపలికెళ్లి నీ పరుపు మోసుకొచ్చింది.

"ఊరికే పడుంది కదా, బుట్టల కింద వెయ్యి" అంది.

వద్దనలేకపోయాను. ఇవాళ ఒక్క కాయ కూడా కందలేదు. నీ పరుపు నిండా సొన మరకలు పడ్డాయి.