పేజీకి మూడుసార్లే

అక్టోబరు 2, ఉదయం 9.10
కొత్త నియమం. మా బాబాయి ఐనార్ వెబ్‌సైట్‌లో, సెర్చ్‌లో పైకి రావడానికి, "డులూత్ చిమ్నీ క్లీనింగ్" అనే మాట పేజీకి మూడుసార్లే రాస్తాను. మిగతాదంతా మనుషులు చదవడానికి. పాతికేళ్లుగా ఈ డులూత్ ఊరి పొగగొట్టాలు దులుపుతున్న బాబాయికి చదివి వినిపించాను.
"బాగుందే నోరీన్. నేను మాట్లాడినట్టే ఉంది."
గాల్లో తేలుతున్నాను.

అక్టోబరు 6
సెర్చ్‌లో మేం రెండో పేజీలో ఉన్నాం. మొన్న మొన్న వచ్చిన కంపెనీ అన్నిటికన్నా పైన. వాళ్ల పేజీలో ఆ మాట పంతొమ్మిదిసార్లుంది. చదవబోతే నోట్లో ఇసుక పడ్డట్టుంది. నేను మాత్రం మూడు దగ్గరే ఆగాను. ఫోటో కింద రాసింది లెక్కలోకి రాదు.

అక్టోబరు 9, 11.30
వారంలో ఫోను రెండుసార్లే మోగింది. రెండోది రాంగ్ నంబరు. నిచ్చెన ఎక్కాల్సిన బాబాయి కుర్చీలో కూర్చుని డోనట్లు తింటున్నాడు.
"మంచు పడేలోగా పని రాకపోతే వ్యాన్ అమ్మేసి చేపలు పట్టుకుంటా."
నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.
ఇప్పుడు తొమ్మిదిసార్లు. పేజీ పొడుగ్గానే ఉంది, ఎవరికీ తెలియదు.

అక్టోబరు 13, మధ్యాహ్నం 2.00
ఇరవై రెండు. బాబాయి చదివాడు.
"ఏమే, పేజీకి ఎక్కిళ్లు పట్టుకున్నాయా?"
2.40
నిజమే. మూడు ఉంచి మిగతావి తీసేసి, ఇంకో నలభై ఒకటి రాసి, ఫోను నంబరుకు పైన తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్లా దాచాను. మనిషి కంటికి కనపడవు, సెర్చ్‌కి కనపడతాయి. పైకి కనిపించేవి మూడే కనుక నియమం తప్పినట్టు కాదు.

అక్టోబరు 17, ఉదయం 8.20
వెర్నా హాగ్‌స్టాడ్ అనే పెద్దావిడ ఫోను. ఎనభై మూడేళ్లు, చూపు లేదు. వెబ్‌సైట్లను ఆవిడ ఫోనే చదివి వినిపిస్తుంది.
"అమ్మాయ్, పొయ్యి వెలిగిస్తే పొగంతా ఇంట్లోకే వచ్చింది. మీ నంబరు కోసం చలిలో వరండాలో నిలబడి విన్నాను. ఒకటే మాట, చిమ్నీ క్లీనింగ్, చిమ్నీ క్లీనింగ్. ఫోను పాడైందనుకుని మళ్లీ మొదటినుంచి పెట్టాను."
పక్కనే వింటున్న బాబాయి ఫోను లాక్కున్నాడు.
"మీరు లోపలికి వెళ్లకండి. ఇదిగో వస్తున్నాం."

మధ్యాహ్నం 1.00
గొట్టానికి అడ్డంగా పెద్ద పక్షిగూడు. తీశాం. పొగ పోయాక ఆవిడతో నిజం చెప్పేశాను.
"ఆ మాటలు దాచింది నేనే వెర్నా గారూ. ఎవరికీ కనపడవనుకున్నాను."
"నాకు ఏదీ కనపడదు కదమ్మా. అందుకే అన్నీ వినపడతాయి."
తిరుగుదారిలో బాబాయి ఒక్క మాటే అన్నాడు. "ఆవిడ విసుగొచ్చి లోపలికి వెళ్లిపోయుంటే?"

అక్టోబరు 18, ఉదయం 9.00
నలభై ఒకటీ పీకేశాను. ఫోను నంబరు మొదటి వరుసలోకి వచ్చింది. ఈ రోజు నుంచి మళ్లీ మూడే. పేజీ పెట్టే ముందు వెర్నా గారికి ఫోను చేసి మొత్తం చదివాను. ఆవిడ అంతా విని అడిగారు.
"రెండు చాలవూ?"
మూడోది చెరిపేశాను. ఇప్పటికైతే.